మెత్తని చప్పట్లు

గాస్పర్ చప్పట్లు కొట్టి బతికేవాడు. మాటవరసకి అనడం లేదు, అతని వృత్తే అది. ఊరు కాని ఊళ్లో ఎవరైనా "మీరేం చేస్తుంటారు?" అని అడిగితే అతనికి ముచ్చెమటలు పట్టేవి. ఒకసారి మాడ్రిడ్ రైల్లో పక్క సీటు పెద్దమనిషి అడిగితే ఉన్నమాటే చెప్పాడు. ఆయన కాసేపు ఆలోచించి, "అంటే, ఏ పార్టీకి?" అన్నాడు. అప్పటి నుంచి రైలెక్కితే తను ఎలక్ట్రీషియన్‌నని చెప్పుకోవడం మొదలుపెట్టాడు. అందులోనూ సుఖం లేకపోయింది. తన ఫ్రిజ్ ముట్టుకుంటే షాకు కొడుతోందంటూ ఒకావిడ కార్దొబా నుంచి సెవిల్ దాకా అతన్ని వదల్లేదు.

సొంతూరు హెరెస్‌లో ఆ ఇబ్బంది లేదు. అక్కడి సాంతియాగో పేటలో పిల్లలకి పళ్ళు రాకముందే ఫ్లమెంకో పాటకీ ఆటకీ వేసే బులేరియా తాళం వస్తుంది. చప్పట్లవాడంటే ఏమిటో అక్కడెవరికీ విడమర్చి చెప్పనక్కర్లేదు. పాడేవాళ్ళు పాడుతుంటే, గిటారువాడు వాయిస్తుంటే, ఆడేవాళ్ళు ఆడుతుంటే, వాళ్ళెవరూ జారిపడకుండా కింద తాళం పరిచి ఉంచేవాడు అతను. "నేను గచ్చునిరా," అనేవాడు గాస్పర్ వైన్ కొట్లో స్నేహితుల దగ్గర. "గచ్చు బాగుందని ఎవడైనా మెచ్చుకోగా విన్నారా? పగిలి కాల్లో గుచ్చుకుంటే అప్పుడు చూస్తారు." గోడల మీద అంటించే ప్రకటనల్లో అతని పేరు వెయ్యకపోలేదు. అట్టడుగున, దీపాలు అద్దెకిచ్చినవాళ్ళ పేరు కింద వేసేవారు. అది చదవాలంటే నడుం వంచాలి.

అతని అన్న మెల్చోర్ గాయకుడు. క్రిస్మస్ రోజుల్లో పిల్లలకి కానుకలు తెచ్చే ముగ్గురు రాజుల పేర్లూ ముగ్గురు కొడుకులకి పెట్టుకుందామని వాళ్ళమ్మ ఆశపడింది గానీ, మూడో కాన్పులో ఆడపిల్ల పుట్టి ఆ ముచ్చట తీరలేదు. "పెద్దోడికి గొంతొచ్చింది, చెల్లికి అందమొచ్చింది. మధ్యలో నాకు రెండు చేతులొచ్చాయి. అవి అందరికీ ఉండేవే," అని గాస్పర్ తన మీద తనే నవ్వుకునేవాడు. మెల్చోర్‌కి ఒక్కతే కూతురు, సరాయ్. నిలబడడం వచ్చిన రోజే ఆ పిల్ల ఆడిందని ఇంట్లో చెప్పుకుంటారు. తండ్రి పాడితే ఆమె ఆడేది, బాబాయ్ తాళం వేసేవాడు. పెళ్ళిళ్ళు, నామకరణాలు, తర్వాత చిన్న వేదికలు, ఆ తర్వాత పెద్దవి. ఎక్కడైనా మెల్చోర్ ఆమె కోసం ఎత్తుకునే పాట ఒకటే. అదేమంత గొప్ప పాట కాదు, నవ్వులాటగా కట్టిన పాట:

*మీ వాకిట్లో బావి ఉంది,*
*నా గొంతులో దాహముంది,*
*చేద మాత్రం మీ అమ్మ*
*మేడ మీద దాచేసింది.*

ఆ పాట వచ్చేసరికి గాస్పర్ అరచేతులు దొప్పల్లా చేసి మెత్తగా కొట్టేవాడు. గొంతు లేచినప్పుడు చప్పట్లు తగ్గాలి, మాట మీద పడకూడదు. గొంతు ఆగాక మళ్ళీ వేళ్ళతో అరచేతి మీద పదునుగా కొట్టాలి. ఈ రెండు రకాల చప్పట్లే అతని ఆస్తి. మెల్చోర్ వేదిక మీద ఎడమ పక్కన నిలబడేవాడు, అతని వెనక కుర్చీలో గాస్పర్.

రెండేళ్ళ కిందట చలికాలంలో మెల్చోర్ పోయాడు. ఆ తర్వాత సరాయ్ తన వేదిక మీద ఇంకో గాయకుణ్ణి నిలబెట్టలేదు. ఎందరో వచ్చి అడిగారు, ఆమె ఒప్పుకోలేదు. బార్సిలోనా నుంచి ఓరియోల్ అనే గడ్డపు కుర్రాడు వచ్చాడు. అతని దగ్గర తీగలు వేలాడే పెట్టెలు ఉన్నాయి, ఆ పెట్టెలు ఉరుముతాయి, మూలుగుతాయి. సరాయ్ ఎత్తు మడమల బూట్లు ఒక ఆటకి, కాన్వాసు బూట్లు ఒక ఆటకి వేసుకోవడం మొదలుపెట్టింది. పేటలో పెద్దవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. గాస్పర్ కూడా వైన్ కొట్లో ఫినో వైన్ గ్లాసు పట్టుకుని, "ఆ పెట్టె మోత అచ్చం మా ఫ్రిజ్ మోతలాగే ఉంటుందిరా. దాన్నెవరూ టిక్కెట్టు కొని వినరే!" అని అందర్నీ నవ్వించాడు. నవ్వించాడు గానీ లోపల గుబులుగానే ఉంది. సరాయ్ ఆడుతుంటే ఆ పక్కన ఉండే కుర్చీ తనది. పెట్టెలొచ్చినా, ఉరుములొచ్చినా, ఆ కుర్చీ ఉంటే చాలు. అది పోతే తనెవరో తనకే తెలియదు. ఎలక్ట్రీషియన్ కూడా కాదు.

అందుకే ఓరియోల్ స్వయంగా ఇంటికొచ్చి, "గాస్పర్ గారూ, కొత్త ప్రదర్శన కోసం మీ చప్పట్లు రికార్డు చెయ్యాలి," అన్నప్పుడు అతనికి నేల మీద కాళ్ళు నిలవలేదు. పెళ్ళిళ్ళకి మాత్రమే తీసే కోటు తీశాడు.

"చప్పట్లకి కోటెందుకయ్యా?" అంది భార్య మిలాగ్రోస్.

"రికార్డింగే!"

"కోటు వినపడుతుందా అందులో?"

రికార్డింగు గది గోడలకి పరుపులు కొట్టినట్టు మెత్తగా ఉంది. ఓరియోల్ అద్దం వెనక కూర్చుని, చెవులకి డిప్పలు పెట్టుకుని, "ముందు ఒక చప్పట కొట్టండి," అన్నాడు.

గాస్పర్ అర్థం కానట్టు చూశాడు. "ఒకటి అంటే?"

"ఒకటే. ఒక్కసారి."

"ఎక్కడిది బాబూ?"

"ఎక్కడిదంటే?"

"తాళంలో ఎక్కడిది? మొదట్లోదా, మధ్యలోదా, పడే చోటుదా, లేచే చోటుదా?"

"ఎక్కడిదీ కాదు. ఊరికే ఒకటి."

గాస్పర్ ఊరికే ఒకటి కొట్టబోయాడు. చేతులు రాలేదు. నలభై ఏళ్ళుగా కొడుతున్నాడు గానీ, ముందూ వెనకా లేని చప్పట ఒకటి ఉంటుందని అతనికి తెలియదు. ఒకసారి తల మీద దోమని కొట్టినట్టొచ్చింది. ఇంకోసారి ఎవర్నో పిలిచినట్టొచ్చింది. చివరికి అతను చేతులు దించి, "నావల్ల కాదు బాబూ. నాకు ఒకటి రాదు, అన్నీ వచ్చు," అన్నాడు. ఓరియోల్ మంచివాడు, నవ్వేసి, "సరే, మామూలుగా వాయించండి, నేను కోసుకుంటాను," అన్నాడు.

ఇక గాస్పర్ రెచ్చిపోయాడు. వేళ్ళు ఎర్రబడేదాకా పదునుగా కొట్టాడు. ఎదురు తాళం కొట్టాడు, మధ్యలో "అదీ!" అని తనకి తనే అరుచుకున్నాడు. అద్దం వెనక కుర్రాడి తల ఊగుతుంటే అతని ఛాతీ పొంగిపోయింది. అంతా అయ్యాక, "ఇప్పుడు మెత్తనివి," అని అరచేతులు దొప్పలు చేశాడు.

ఓరియోల్ కాసేపు విని చెవి డిప్పలు తీసేశాడు. "ఇవి మైకుకి అందట్లేదండీ. దుప్పటి దులిపినట్టుంది. పైగా వీటితో పనిలేదు. ప్రదర్శనలో పాట ఉండదు కదా."

పాట లేనప్పుడు మెత్తని చప్పట్లు ఎందుకు? సబబైన మాటే. గాస్పర్ కోటు తొడుక్కుని, ఇంటికొచ్చేదాకా ఈల వేసుకుంటూనే ఉన్నాడు.

ఆ ఆదివారం సరాయ్ భోజనానికొచ్చింది. మిలాగ్రోస్ పెద్ద కుండలో బెర్సా వండింది, చిక్కుళ్ళు, పంది మాంసం, ఆకుకూర అన్నీ కలిసి ఇల్లంతా ఘుమఘుమలాడుతోంది. గాస్పర్ రొట్టె తుంచి పులుసులో ముంచుతూ, "హెరెస్ తర్వాత సెవిల్, ఆ తర్వాత పారిస్ అంటున్నారుగా? నేను విమానంలో కిటికీ పక్కన కూర్చుంటానమ్మాయ్, ముందే చెబుతున్నా," అన్నాడు.

సరాయ్ చెంచా కింద పెట్టింది. "బాబాయ్, వేదిక మీద నేనొక్కదాన్నే ఉంటాను. చప్పట్లు పెట్టెలోంచి వస్తాయి. నీవే బాబాయ్, నీ చేతులే. అందుకే నీవే కావాలని పట్టుబట్టాను, వేరే ఎవరివీ వద్దన్నాను."

గాస్పర్ రొట్టె ముక్క పులుసులో మునిగిపోయింది.

"అంటే," అన్నాడు, "నా చేతులు పారిస్ వెళ్తాయి, నేను ఇంట్లో ఉంటాను."

"మొదటి ప్రదర్శనకి నీకూ పిన్నికీ ముందు వరసలో సీట్లు ఉంచాను."

"చేతులు లేకుండా వచ్చి ఏం చెయ్యమంటావే?"

"ఊరుకోవయ్యా," అంది మిలాగ్రోస్. "పిల్ల అన్నం తింటోంది."

ఊరుకున్నాడు. ఇంకేం చేస్తాడు? తన గొయ్యి తనే తవ్వుకోవడానికి కోటు వేసుకుని మరీ వెళ్ళిన మొనగాడు ప్రపంచంలో తనొక్కడే అయ్యుంటాడని ఆ మధ్యాహ్నమంతా అనుకుంటూనే ఉన్నాడు. అనుకుంటుంటే నవ్వొచ్చింది. నవ్వొస్తుంటే ఏడుపూ వచ్చింది. సరాయ్ మీద కోపం తెచ్చుకుందామని చూశాడు గానీ, అది ఎంతకీ రాలేదు.

కానీ మనిషి ఆశ ఊరికే చావదు. ప్రదర్శన దగ్గరపడే కొద్దీ గాస్పర్ మనసులో ఒక కథ అల్లుకుంది. పెట్టె చెడిపోతుంది. చెడిపోక తప్పదు, పెట్టెలన్నీ చెడిపోతాయి, వాళ్ళ ఫ్రిజ్ కూడా చెడిపోయింది. నడి ఆటలో మోత ఆగిపోతుంది. సరాయ్ వేదిక మీద ఒంటరిగా బిక్కచచ్చి నిలబడుతుంది. అప్పుడు ముందు వరసలోంచి ఒక మనిషి లేస్తాడు. ఆ మనిషి ఎవరో వేరే చెప్పాలా? జనం కన్నీళ్ళు పెట్టుకుంటారు. ఓరియోల్ వచ్చి కాళ్ళ మీద పడతాడు. గాస్పర్ అతన్ని లేవదీసి క్షమిస్తాడు. ఈ క్షమించే ఘట్టం అతనికి మరీ నచ్చి, దాన్ని రకరకాలుగా ఊహించుకున్నాడు.

అందుకని ప్రదర్శన నాటి సాయంత్రం అతను వరస చివరి సీటు అడిగి తీసుకున్నాడు, లేవడానికి వీలుగా. చేతులు చల్లబడకుండా జేబుల్లో రుద్దుకుంటూ కూర్చున్నాడు.

"చలేస్తోందా?" అంది మిలాగ్రోస్.

"లేదు."

"మరి ఆ రుద్దుడేంటి?"

"నీకెందుకు, చూడు."

దీపాలు ఆరాయి. పెట్టె మూలిగింది. ఆ మూలుగులోంచి అతని చప్పట్లు మొదలయ్యాయి, వందమంది గాస్పర్‌లు నాలుగు మూలలా కూర్చుని కొడుతున్నట్టు. సరాయ్ వచ్చింది. నల్ల ప్యాంటు, నల్ల చొక్కా, జుట్టు ముడి. గాస్పర్ తప్పు పట్టుకుందామని చెవులు రిక్కించి విన్నాడు. తప్పు దొరకలేదు. అవి అతని చేతులే, కానీ అలుపు లేని చేతులు. నొప్పి పుట్టే బొటనవేలు లేదు, మధ్యలో మంచినీళ్ళ కోసం చూపులు లేవు. 'ఈ వెధవ నాకన్నా బాగా కొడుతున్నాడే,' అనుకున్నాడు, ఆ వెధవ తనేనని గుర్తొచ్చి కొంచెం గర్వపడ్డాడు కూడా. సరాయ్ ఆ తాళం మీద ఆడుతుంటే అతనికి ఒళ్ళు గగుర్పొడిచింది. బాగుంది. చెడ్డగా ఉంటే బాగుండుననుకుని వచ్చాడు గానీ, చాలా బాగుంది.

సగం దాటాక, ఉన్నట్టుండి మోత ఆగిపోయింది.

చప్పట్లు లేవు, మూలుగు లేదు. ఒక్క తెల్లని దీపం. దాని కింద సరాయ్, చెయ్యి సగం ఎత్తి, కదలకుండా. గాస్పర్ సీటు అంచుకి జరిగాడు. ఆగింది! పెట్టె ఆగింది! ఒక క్షణం చూశాడు. ఇంకో క్షణం. పిల్ల అలాగే నిలబడి ఉంది పాపం. మిలాగ్రోస్ అతని మోచెయ్యి పట్టుకునేలోపే గాస్పర్ లేచి నిలబడ్డాడు. జేబుల్లో కాచి ఉంచిన చేతులు బయటికి తీసి, తన జీవితంలో ఎన్నడూ కొట్టనంత పదునుగా బులేరియా అందుకున్నాడు. "పద తల్లీ!" అని కేకేశాడు.

హాలంతా అతని వైపు తిరిగింది. సరాయ్ తల కూడా తిరిగింది. ఆమె ముఖంలో ఒక్క క్షణం కనిపించింది అతను ఊహించుకున్న కృతజ్ఞత కాదు. నిద్రలోంచి ఎవరో లాగేసినట్టు చూసింది. కానీ మెల్చోర్ కూతురు కదా, తడబడలేదు. అతని తాళం మీదికి దూకి, కాళ్ళతో జవాబిచ్చి, చివర్న ఆపమని పిలుపిచ్చింది. ఆడేవాళ్ళు కాళ్ళతో పిలుపిస్తే చప్పట్లవాడు చచ్చినట్టు ఆపాలి. గాస్పర్ ఆపాడు. అదే క్షణాన పెట్టెలోంచి అతని చప్పట్లు మళ్ళీ మొదలయ్యాయి, ఏమీ కానట్టు, ఠంచనుగా.

పెట్టె చెడిపోలేదు. అది కావాలని పెట్టుకున్న మౌనం.

గాస్పర్ మెల్లగా కూర్చున్నాడు. చుట్టూ జనం మెచ్చుకోలుగా "ఓలే! ఓలే!" అని అరుస్తున్నారు. సరాయ్ ఇంకా బొమ్మల చొక్కా వేసుకునే వయసులో ఉండగా ఆమెని మోకాళ్ళ మీద కూర్చోబెట్టుకుని, "ఊరుకోవడం కూడా తాళమేనమ్మా, దాన్ని తొందరపడి పాడుచెయ్యకూడదు," అని నేర్పిన మహానుభావుడు ఎవరయ్యా అంటే, ఇదిగో ఈ వరస చివర కూర్చున్నవాడే. హెరెస్‌లో కుక్కకి కూడా తెలిసిన సంగతి, అతనికే తెలియకపోయింది. చివర్న అందరూ లేచి చప్పట్లు కొడుతుంటే అతను మాత్రం చేతులు చంకల్లో దాచుకున్నాడు. మామూలు చప్పట్లు అతనెప్పుడూ కొట్టలేదు. తాళం లేకుండా అలా ఎవరికి వాళ్ళు టపటపలాడించడం, పప్పులు గచ్చు మీద పారబోసినట్టు, అతనికి చేతకాదు. ఆ రోజు మరీ చేతకాలేదు.

మర్నాడు పొద్దున ఎవరి కంటా పడకుండా రొట్టె తెచ్చుకుందామని వెళ్తే, దుకాణంలో అందరూ భుజం తట్టారు. పత్రికలో వేశారట: ప్రదర్శనలో అన్నిటికన్నా మనసుని తాకిన ఘట్టం, మౌనాన్ని చీల్చుకుంటూ జనంలోంచి పాత ఫ్లమెంకో లేచి కొత్తదాన్ని పలకరించిన ఘట్టమని. ఎంత ధైర్యమైన ఆలోచన, అని రాశారట.

మధ్యాహ్నానికి ఓరియోల్ పరుగున వచ్చాడు. "గాస్పర్ గారూ, మీరు సెవిల్ రావాలి. ఉంచేద్దాం దాన్ని! అదే చోట, అలాగే, అనుకోకుండా లేచినట్టు లేవాలి. ప్రదర్శనకింతని ఇప్పిస్తాను. పారిస్ కూడా!"

"నా తప్పుకి జీతమా?" అన్నాడు గాస్పర్.

"మా ఇంట్లో మాత్రం ఇన్నేళ్ళూ ఊరికే చేశాడు," అంది మిలాగ్రోస్ వంటింట్లోంచి.

ఓరియోల్ వెనకే సరాయ్ వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. గాస్పర్ ఆమె కళ్ళలోకి చూడలేక, "తల్లీ, పెట్టె ఆగిపోయిందనుకున్నానే," అన్నాడు.

"తెలుసు బాబాయ్."

"నువ్వు చిక్కుకుపోయావనుకున్నా."

"తెలుసు." తనే మళ్ళీ అడిగింది, "నువ్వు లేవకముందు, ఆ మౌనంలో నీకేమైనా వినపడిందా?"

"ఏం వినపడుతుంది? ఏమీ లేదు. అందుకే కదా లేచింది!"

సరాయ్ నవ్వింది. ఆ నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది. "సరే అయితే. సెవిల్ రా. ఓరియోల్‌కి నచ్చింది, జనానికి నచ్చింది."

"నీకు నచ్చిందా?"

"నీకు సీటుండాలి బాబాయ్. ఎక్కడైతే ఏం?" అని వెళ్ళిపోయింది.

గాస్పర్‌కి కావలసింది దొరికింది. కుర్చీ దొరికింది, వేదిక కిందైతేనేం. సంతోషించాలి. కానీ ఆమె ఆ ప్రశ్న ఎందుకడిగిందో అర్థంకాక, అన్నం సయించలేదు. అయినా సాధన మానలేదు. బీరువా అద్దం ముందు కుర్చీ వేసుకుని, అనుకోకుండా లేవడం నేర్చుకున్నాడు. మొదట ఉలిక్కిపడ్డట్టు లేచాడు. "వీపు మీద చీమ కుట్టినట్టుంది," అంది మిలాగ్రోస్. గంభీరంగా లేచాడు. "ఉపన్యాసమిచ్చేలా ఉన్నావు." ఆ రోజు ఒక్క క్షణంలో వచ్చినది ఎంత తంటాలుపడినా మళ్ళీ రాలేదు. తప్పు ఒకసారైతే ఎవడైనా చేస్తాడు, రెండోసారి అదే తప్పు చెయ్యడానికి ఎంత నైపుణ్యం కావాలో అతనికి అప్పుడు తెలిసొచ్చింది.

సెవిల్‌లో హాలు పెద్దది. గాస్పర్‌ని జనం మధ్యలో, వరస చివర కూర్చోబెట్టారు. పక్క సీట్లో విసనకర్ర పట్టుకున్న ఒక పెద్దావిడ, ముత్యాల దండ, మాట కలపకుండా ఉండలేని రకం.

"హెరెస్ నుంచి వచ్చారా? ఏం చేస్తుంటారు?"

"ఎలక్ట్రీషియన్‌నండీ."

"మంచి పని," అందావిడ. "నాకు ఫ్లమెంకో ప్రాణం. మీకు తెలియకపోతే నన్నడగండి, చెబుతాను."

"అలాగేనమ్మా," అన్నాడు గాస్పర్ వినయంగా.

దీపాలు ఆరాయి. పెట్టెలోంచి అతని పదును చప్పట్లు, సరాయ్ కాళ్ళు, అన్నీ అలాగే. ఆవిడ మధ్యమధ్య విసనకర్రతో అతని చెయ్యి తట్టి, "ఇది బులేరియా," అని చెబుతోంది. గాస్పర్ తల ఊపుతున్నాడు గానీ అతని దృష్టంతా ముందున్న మౌనం మీదే. ఓరియోల్ చెప్పింది గుర్తుచేసుకున్నాడు: వెంటనే లేవొద్దు, కాస్త బిగువు పెరగనివ్వాలి, సగంలో లేవాలి.

మోత ఆగింది. తెల్లని దీపం. చెయ్యి సగం ఎత్తి సరాయ్.

సగం ఎప్పుడవుతుందో తెలియాలంటే ఎంతసేపయిందో కొలవాలి. గాస్పర్‌కి అంకెలతో కొలవడం ఏనాడూ రాలేదు. పన్నెండు దెబ్బల తాళమని పుస్తకాల్లో రాస్తారు, అతనెప్పుడూ లెక్కపెట్టలేదు. అతని కొలతంతా పాటతోనే. అలవాటుగా మనసులో మెల్చోర్ పాట ఎత్తుకున్నాడు. రెండో పాదం అవగానే లేద్దామనుకున్నాడు.

*మీ వాకిట్లో బావి ఉంది...*

వేదిక మీద సరాయ్ గడ్డం కొద్దిగా ఎడమకి తిరిగింది. ఎడమ పక్కన ఎవరూ లేరు. ఖాళీ.

*నా గొంతులో దాహముంది...*

ఆమె ఎత్తిన చెయ్యి తగ్గుతూ నడుం దగ్గరికి వచ్చింది. ఆ చెయ్యి గాస్పర్‌కి తెలుసు. తండ్రి దాహమని గొంతు లాగి పాడినప్పుడల్లా ఆ పిల్ల చెయ్యి అలాగే దిగేది, చిన్నప్పటి నుంచీ. హెరెస్‌లో ఇంతవరకూ రాకుండానే తను లేచి అరిచాడు.

ఆమె ఊరికే నిలబడి లేదు. వింటోంది. వేదిక మీద ఇంకో గాయకుణ్ణి ఎందుకు నిలబెట్టలేదో, పాట లేని ప్రదర్శనలో ఇంత మౌనం ఎందుకు పెట్టుకుందో, 'ఏమైనా వినపడిందా' అని ఎందుకడిగిందో, అన్నీ ఒక్కసారే తెలిసిపోయాయి. మెల్చోర్ పాడుతున్నాడు. ఆ ఎడమ పక్కన నిలబడి పాడుతున్నాడు. ఆ గొంతు మీదే గాస్పర్ పదును చప్పట్లతో పడి, పైపెచ్చు కేకేసి, జీతం కూడా కుదుర్చుకున్నాడు. అన్న బతికుండగా ఆ పని చేసుంటే వేదిక మీదే చెవి మెలేసేవాడు.

దూరంగా తన పెట్టెల బల్ల దగ్గర ఓరియోల్ ఇటే చూస్తూ, లెమ్మని చెయ్యి ఊపుతున్నాడు.

గాస్పర్ లేవలేదు. చేతులు మాత్రం అప్పటికే పైకి వచ్చేశాయి. వాటిని దించేద్దామనుకున్నాడు. కానీ గొంతు పాడుతుంటే చప్పట్లవాడు చేతులు ముడుచుకుని కూర్చోకూడదు కదా. అరచేతులు దొప్పలు చేశాడు. మెత్తగా, మాట మీద పడకుండా, మైకుకి అందనంత మెత్తగా కొట్టాడు.

*చేద మాత్రం మీ అమ్మ...*

పక్కనున్న పెద్దావిడకి అది వినపడలేదు. ఓరియోల్ తల పట్టుకున్నాడు. వేదిక మీద సరాయ్ భుజం మాత్రం ఒక్కసారి వణికింది. కదలకుండా నిలబడవలసిన మనిషి, మడమ కొద్దిగా ఎత్తి, నేలని మెల్లగా తాకింది. మళ్ళీ తాకింది. తండ్రి పాడుతుంటే అడుగు వినపడకుండా ఆడే పాత ఆట అది. గాస్పర్ చేతులు ఆమె కాళ్ళ కింద పరుచుకున్నాయి. అతని కళ్ళ నిండా నీళ్ళు, తుడుచుకుందామంటే చేతులు ఖాళీ లేవు.

*మేడ మీద దాచేసింది.*

చివరి మాట మీద, సరిగ్గా ఆ మాట మీద, సరాయ్ కాలు నేలని దద్దరిల్లేలా కొట్టింది. గాస్పర్ ఆపాడు. పెట్టెలోంచి అతని పదును చప్పట్లు విరుచుకుపడ్డాయి, పాట అయ్యాక పడవలసినట్టే.

ఆట ముగిసింది. హాలంతా లేచింది. సరాయ్ జనానికి వంగి దండం పెట్టింది, తర్వాత ఎడమ పక్క ఖాళీకి పెట్టింది. ఆపైన కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని, వెలుతుర్లోంచి చీకట్లోకి వరస వరసా వెతికి, గాస్పర్ సీటు దగ్గర ఆగి, రెండు అరచేతులూ దొప్పల్లా చేసి చూపించింది.

"ఏమండీ, అందరూ కొడుతుంటే మీరు కొట్టరేం?" అంది పక్కనున్న పెద్దావిడ, తను ఎడాపెడా చప్పట్లు కొడుతూ. "అంత బాగా ఆడింది, పాపం!"

గాస్పర్ ముక్కు చీదుకుని లేచి నిలబడ్డాడు. అందరిలాగే కొట్టబోయాడు. చేతులు తమంతట తాము బులేరియాలోకి జారిపోయాయి. తప్పించబోతే ఒకదానికొకటి అందక గాల్లో ఊగాయి. మళ్ళీ మొదలుపెట్టాడు, ఎడమ చెయ్యి ముందుకి, కుడి చెయ్యి ఎటో.

ఆవిడ చప్పట్లు ఆపి అతన్ని ఎగాదిగా చూసింది. "అయ్యో దేవుడా, చప్పట్లు కొట్టడం కూడా రాదా మీకు?"

"ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నానమ్మా," అన్నాడు గాస్పర్.